కూరగాయల నారు వ్యాపారము: ముందు బేరము, పిదప విత్తనము

నారు పోసినవాడు నీరు పోయక మానునా యను సామెతను వినని రైతు మన జిల్లాలో నుండడు. అది దైవమునందలి విశ్వాసమును తెలుపు మాట. కాని నారు పోసి యమ్ముకొనువానికి ఆ సామెత వర్తింపదు. అతడు పోసిన నారునకు నీరు పోయువాడు మఱియొకడు. ఆ నారు చెడినప్పుడు ఎక్కువ నష్టపడువాడును ఆ మఱియొకడే. అమ్మినవానికి పోవునది కొన్ని రూపాయలు. కొన్నవానికి పోవునది ఒక పంటకాలము. ఈ భేదమును మనస్సునందుంచుకొని యీ వ్యాసమును చదువవలెనని సభ్యులను కోరుచున్నాము.

కొంతకాలముగా సంఘ కార్యాలయమునకు వచ్చు యువకులును స్త్రీలును మమ్ము తఱచుగా నడుగు ప్రశ్న యొకటి కలదు. రెండెకరముల వరితో ఇల్లు గడచుట లేదు. ఇంటి ప్రక్కను నాలుగు గుంటల నేలయు బోరు నీరును ఉన్నవి. టమాట, మిరప, వంగ నారు పెంచి యమ్మిన గిట్టునా? ఇదియే ఆ ప్రశ్న. గిట్టునని మా యుత్తరము. అయితే గిట్టుటయు గిట్టకపోవుటయు నారుమడిలో కాక మఱియొక చోట తేలును. ఆ చోటేదో మాకు తెలిసినంతవఱకు ఇచ్చట వివరించుచున్నాము.

మన ప్రాంతమున నారునకు గిరాకి

ఇందల్వాయి రెండు మార్గముల నడుమనున్న యూరు. సికింద్రాబాదు నుండి నిజామాబాదునకు పోవు రైలు మార్గమున సిర్నాపల్లికిని డిచ్‌పల్లికిని మధ్య మన స్టేషను కలదు. హైదరాబాదు నుండి నాగపురము పోవు 44వ సంఖ్య జాతీయ రహదారి మన యూరి మీదుగనే పోవుచున్నది. 2016లో జిల్లాలను, మండలములను పునర్వ్యవస్థీకరించినప్పుడు ఇందల్వాయి మండల కేంద్రమైనది. తడి మట్టిలోనున్న లేత మొక్కను చెడకుండ దూరము చేర్చుటకు మంచి బాట ముఖ్యము గనుక ఈ వ్యాపారమునకు మన యూరు అనుకూలమైనదనుటకు సందేహము లేదు.

మన జిల్లా రైతులకు నారు పోయుట క్రొత్త విద్య కాదు. 1931లో నిజాంసాగరు పూర్తియైన నాటినుండి కాలువల క్రింద వరినారు పోయని ఇల్లు లేదు. 1963లో పునాది పడిన పోచంపాడు ప్రాజెక్టు, అనగా శ్రీరాంసాగరు, ఆ అలవాటును మఱింత విస్తరింపజేసినది. కాని వరినారును ఎవరికి వారే పోసికొందురు. కూరగాయల నారు సంగతి వేఱు. సంకరజాతి టమాట విత్తనము 10 గ్రాముల పొట్లములో వచ్చును. ఒక్కొక్క గింజకు వెల కట్టవలసినంత ప్రియమైనది. అట్టి విత్తనమును ఆరుబయట మడిలో చల్లి సగము పోగొట్టుకొనుటకంటె మొలచి నిలిచిన మొక్కను కొనుటయే మేలని రైతు లెక్క వేసికొనుచున్నాడు. గిరాకికి మూలమిదియే.

బోధను వైపు సంగతి కూడ దీనికి తోడైనది. శక్కర్‌నగరులో 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము దీర్ఘకాలము ఆ ప్రాంతపు చెఱకును కొని, 2015 డిసెంబరులో మూతబడినది. చెఱకు నమ్ముకొన్న రైతులలో అనేకులు వరికి, మక్కకు, సోయాకు మరలిరి. ఏటికొకసారి చెఱకు డబ్బు చూచినవానికి వారమువారము చేతికి రూపాయి తెచ్చు కూరగాయల మీద దృష్టి పోవుట సహజము. అట్టివాడు మొదట వెదకునది నమ్మదగిన నారు.

నారు అమ్మువాడు అమ్మునది యేమి?

చూచుటకు మొక్క నమ్మినట్లే యుండును. నిజమునకు అతడమ్మునవి దినములు. టమాట నారు 21 మొదలు 25 దినములకు నాటుటకు సిద్ధమగును. క్యాబేజీ, కాలీఫ్లవరు 22 మొదలు 28. వంగ 30 మొదలు 35. మిరప సుమారు 40. దోస, కాకర వంటి తీగజాతులు 12 మొదలు 15 దినములు. ఈ దినములు నిండిన పిదప ఒక వారము వఱకు నారును నిలుపవచ్చును. అంతకు మించిన ట్రే గుంతలో వేళ్లు చుట్టలు చుట్టుకొనును, కాండము ముదురును, టమాట మొక్కకు నారులోనే పూత కనబడును. అట్టి మొక్క పొలములో నాటినను గుబురుగా పెరుగదు. చిన్నదిగనే యుండి నాలుగు కాయలు కాచి యూరకుండును.

వడ్లు గాదెలో నిలువయుండును, పసుపు కొమ్ము సంచిలో నిలువయుండును, నారు నిలువదు. ధర వచ్చువఱకు ఆగుదమను మాట ఈ వ్యాపారములో లేదు. ఇది పాల వ్యాపారమువంటిది.

మేము నేర్చుకొన్న పాఠము

ఈ సంగతి మేము ఊరకనే తెలిసికొనలేదు. మొదటి సంవత్సరము మేము రోహిణి కార్తెలో 150 ట్రేలలో టమాట విత్తనము వేసితిమి. ఎవరినీ అడుగలేదు, ఎవరి యొద్దను బయానా తీసికొనలేదు. మృగశిరలో వానలు పడును, ఆరుద్ర నాటికి అందఱును నారునకై వత్తురని మా యూహ. నారు చక్కగా మొలచినది. దారిని పోవువారు ఆగి చూచి మెచ్చుకొనిరి. మృగశిర పొడిగా పోయెను. ఆరుద్రలో మబ్బులు వచ్చి పోయినవే గాని దుక్కికి చాలిన వాన కురియలేదు. నేల సిద్ధము కానివాడు నారు కొని యేమి చేయును? పునర్వసులో వాన పడునప్పటికి మా నారు వయస్సు 45 దినములు.

అప్పుడు మేమొక తప్పు చేసితిమి. ఆ ముదురు నారును పారవేయుటకు మనసొప్పక, సగము వెలకు పొరుగు రైతు కొకనికి ఇచ్చితిమి. వయస్సు చెప్పితిమా యనిన, అతడడుగలేదు, మేము చెప్పలేదు. అతడు ముప్పాతిక ఎకరములో నాటెను. మొక్కలు మోకాలెత్తు దాటలేదు. ఆ కాలమున అతనికి కూలి కర్చులు కూడ రాలేదు. అతడు మా యింటికి వచ్చి తగవులాడలేదు, పదిమందిలో మమ్మొక మాట అనలేదు. మఱుసటి సంవత్సరము మాత్రము నారునకై మా గడప త్రొక్కలేదు. మా యెదుటనుండియే పోయి వేఱొక యూరినుండి తెచ్చుకొనెను. మాకు కలిగిన ధననష్టము రెండు పంటలలో తీరినది. ఆ రైతు మరల మా యొద్దకు వచ్చుటకు నాలుగు సంవత్సరములు పట్టినది.

నాటినుండి మేము రెండు నియమములు పెట్టుకొంటిమి. ముందు బేరము, పిదప విత్తనము. వయస్సు మీఱిన నారు పెంటకుప్పకే గాని పొలమునకు కాదు.

లాభనష్టముల లెక్క

క్రొత్తగా ఆరంభించువారు చేయు పొరపాటు లెక్కలోనే యున్నది. 98 గుంతల ట్రేలు 100 వేసినచో 9,800 మొక్కలు వచ్చునని వారనుకొందురు. అన్ని గింజలు మొలవవు. విత్తన ధ్రువీకరణ ప్రమాణముల ప్రకారము మొలక శాతము టమాటకు, వంగకు, క్యాబేజీకి 70, కాలీఫ్లవరునకు 65, మిరపకు 60 తక్కువ కాకుండ ఉండిన చాలును. మంచి సంకర విత్తనము ఇంతకంటె బాగుగనే మొలచును. ఐనను మొలచినవానిలో గిడసబారినవి, వంగినవి తీసివేయగా ట్రేకు 80 మంచి మొక్కలు దక్కిన సంతోషింపవలసినదే.

ఈ క్రింది ధరలు లెక్క తెలియుటకై మేము పెట్టుకొన్నవి. ఎవరి యూరి ధరలు వారు వేసికొనవలెను. 100 ట్రేలకు గింజకు 20 పైసల చొప్పున విత్తనము రూ. 1,960, ట్రేకు సుమారు 1.2 కిలోల చొప్పున కొబ్బరిపొట్టు 120 కిలోలు, కిలో రూ. 15 చొప్పున రూ. 1,800, ట్రే యొకటి రూ. 15 చొప్పున కొని మూడు పంటలకు వాడినచో ఈ పంట వంతు రూ. 500, కూలియు స్వంత శ్రమయు కలిపి రూ. 2,400, వలపందిరి అరుగుదల రూ. 600, మందులు, కరెంటు మొదలగునవి రూ. 340. మొత్తము రూ. 7,600.

దీనిని 9,800 చేత భాగించినచో మొక్క యొకటికి 77½ పైసలు పడినట్లు తోచును. 90 పైసల కమ్మినను లాభమేయని యతడు సంతసించును. నిజముగా చేతికి వచ్చినవి 8,000 మొక్కలు. ఆ సంఖ్యచేత భాగించినచో మొక్క యొకటికి 95 పైసలు పడినది. 90 పైసల కమ్మినవాడు ప్రతి మొక్కకు 5 పైసలు తన యింటినుండి ఇచ్చినట్లే.

ఇక రూ. 1.20 చొప్పున అమ్మితిమనుకొందము. 8,000 మొక్కలును పోయిన రూ. 9,600 వచ్చును, మిగులు రూ. 2,000. అందులో నాలుగవ వంతు, అనగా 2,000 మొక్కలు, కొనువారు లేక నిలిచిపోయినచో వచ్చునది రూ. 7,200, మిగులు పోగా రూ. 400 నష్టము. నారు రోగము లేకుండ పెరిగినది, మొలక బాగున్నది, శ్రమ లోపము లేదు. ఐనను నష్టము వచ్చినది. లాభము తేలు చోటు నారుమడి కాదు, బేరముల పుస్తకము అని మేము చెప్పుట యిందుకే.

కావున మొదటి సంవత్సరము 100 ట్రేలకు మించవలదని మా సలహా. వరుసల మధ్య 3 అడుగులు, మొక్కల మధ్య అడుగున్నర దూరమున నాటిన ఎకరమునకు 9,680 టమాట మొక్కలు పట్టును. 100 ట్రేల నారు ఎకరమున అయిదింట నాలుగు వంతులకు చాలును. ఇద్దఱు ముగ్గురు అరయెకరపు రైతులు సగము పైకము ముందుగా ఇచ్చి, నాటు దినము చెప్పిన పిదపనే విత్తనపు పొట్లము కొనవలెను. బయానా ఇచ్చినవాడు నేల దున్నుకొనును. ఉత్తమాట చెప్పినవాడు మబ్బు చూచును.

పెంచు విధము

ఈ పనికి గుంట నేల చాలును. 100 ట్రేలు పఱచుటకు సుమారు 160 చదరపుటడుగులు పట్టును. గుంటకు 1,089 చదరపుటడుగులు గనుక నడుచుటకు త్రోవలు విడిచినను పనిని పెంచుకొనుటకు తావుండును. నీడను, తుపానుగాలిని, పశువులను దృష్టిలో నుంచుకొని చోటు నెన్నుకొనవలెను. చెట్టు నీడ పనికిరాదు; నారు సన్నగా సాగిపోవును.

ట్రేలు కొనుటకు శక్తి లేనివారు ఎత్తుమళ్లలో ఆరంభింపవచ్చును. మడి వెడల్పు 3 అడుగులు, ఎత్తు అరయడుగు ఉండవలెను. వేసవిలో మడిని తడిపి పలుచని తెల్లని పాలిథీను కాగితమును కప్పి అంచులు మట్టితో మూసి నాలుగైదు వారములు ఎండకు విడిచినచో, ఆ వేడికి నేలలోని బూజులును కలుపు గింజలును చాలవఱకు చచ్చును. మన రోహిణి ఎండ ఇందుకు ఉచితముగా దొరకు మందు.

ట్రేలలో పెంచువారు బాగుగా మాగిన, ఉప్పు కడిగిన కొబ్బరిపొట్టునే వాడవలెను. పచ్చిపొట్టులో మొక్క పసుపుబారి నిలిచిపోవును. గుంతకొక గింజను అర సెంటీమీటరు లోతున వేసి, పైన పలుచగా పొట్టు కప్పి తడిపి, పది ట్రేలను ఒకదానిపై నొకటి పేర్చి పాలిథీనుతో కప్పవలెను. టమాట మూడు నాలుగు దినములలో, మిరప వారమునకు మొలక చూపును. తొలి మొలక కనబడిన దినముననే ట్రేలను విడదీసి వెలుతురులో పఱచవలెను. ఒక్క దినమాలసించినచో మొలకలు తెల్లగా సాగి పడిపోవును. 12వ దినమున ఒకసారి, 20వ దినమున ఒకసారి 19:19:19 ఎరువును లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి పోసిన చాలును. ఎక్కువ పోసిన నారు చూచుటకు నిగనిగలాడును గాని పొలములో నాటగనే సొమ్మసిల్లును.

అమ్మకమునకు ముందు వారము దినములు నీరు తగ్గించి, నీడవల తొలగించి, నారును ఎండకు అలవాటు చేయవలెను. అత్తవారింటికి పంపు బిడ్డకు పని నేర్పినట్లే యిదియును.

నారుకుళ్ళు, ఆకుముడుత

నారుపెంపకమునకు ఇద్దఱు శత్రువులు. మొదటిది నారుకుళ్ళు. మొక్క మొదలు నేలకు తాకుచోట నీరుకారి మెత్తబడి, సాయంకాలమునకు నిలిచియున్న నారు తెల్లవారునప్పటికి పడిపోవును. ఇది నీటితో వచ్చు బూజు. సాయంకాలము నీరు పోయుట, ఒత్తుగా చల్లుట, మురుగు పోకపోవుట దీనికి కారణములు. కిలో విత్తనమునకు 3 గ్రాముల కాప్టాను గాని థైరము గాని పట్టించుటయు, ప్రొద్దుటిపూటనే నీరు పోయుటయు ముందు జాగ్రత్తలు. తెగులు కనబడినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడును కలిపి మొదళ్లు తడియునట్లు పోయవలెను.

రెండవది ఆకుముడుత. టమాటలో దీనిని తెల్లదోమ మోసికొని వచ్చును. ఇది వైరసు తెగులు. సోకిన మొక్కకు మందు లేదు. దోమ నారులో నున్నప్పుడే కుట్టిపోయినచో మొక్క చూచుటకు బాగుగనే యుండును. పొలములో నాటిన కొన్ని దినములకు ముడుత బయటపడును. అప్పటికి నారు పైకము మన పెట్టెలో చేరియుండును, నష్టము మాత్రము కొన్నవానిది. కావున 40 గాని 50 గాని మెష్ గల నైలాను వలతో నాలుగు ప్రక్కల, పైన మూసిన పందిరి లేనిదే టమాట, మిరప నారు అమ్మకమునకు పెంచరాదని మా నిశ్చితాభిప్రాయము. వల కర్చు ఆడంబరము కాదు. అది కొనువాని పంటకు మనమిచ్చు పూచీ. పందిరికి రెండు తలుపులుంచి, ఒకటి మూసిన పిదపనే రెండవది తెఱచు అలవాటు చేసికొనవలెను.

విత్తనము, చిట్టా

విత్తు ఒకటి వేసిన చెట్టు ఒకటి మొలచునా యందురు. సంకరజాతి కాయనుండి తీసిన గింజను వేసినచో అట్లే యగును. రెండవ తరమున గుణములు చెదరిపోయి ఒక్కొక్క మొక్క ఒక్కొక్క తీరుగ నుండును. కావున సంకరజాతులకు ఏటేట క్రొత్త పొట్లమునే కొనవలెను. 1966 సంవత్సరపు విత్తన చట్టము ప్రకారము పొట్లముపై రకము, మొలక శాతము, పరీక్షించిన తేదీ మొదలగు వివరములుండవలెను. ఖాళీ పొట్లమును, బిల్లును పారవేయరాదు. పంట కాయుటలో విత్తన లోపము బయటపడినచో నారు పెంచినవానిని కాపాడునవి ఆ రెండే.

ఒక చిట్టాలో ప్రతి తడవకు విత్తనపు రకము, పొట్లపు సంఖ్య, విత్తిన తేదీ, కొన్నవాని పేరు వ్రాసికొనవలెను. కొన్నవానికిచ్చు చీటిలో కూడ విత్తిన తేదీ వ్రాయవలెను. మేము నాడు చెప్పక దాచిన వయస్సును నేడు మొట్టమొదట వ్రాసియిచ్చుచున్నాము. ఉద్యాన నర్సరీల నమోదునకు 2010లో చట్టము వచ్చినది. వ్యాపారముగా చేయదలచినవారు ముందుగా ఉద్యాన శాఖవారిని కలిసి నమోదు సంగతి తెలిసికొనవలెను.

ఏ కాలమునకు ఏ నారు

అందఱును టమాటయే పెంచినచో అందఱకును నష్టమే. కాలమును బట్టి మార్చుకొనవలెను. వానకాలమునకు మిరప, వంగ, టమాట. హస్త, చిత్త కార్తెలనుండి చలికాలపు క్యాబేజీ, కాలీఫ్లవరు, ఉల్లి. వీనికి నడుమ మన తెలంగాణమునకు ప్రత్యేకమైన గిరాకి యొకటి కలదు. అది బంతి నారు. బతుకమ్మకు, దసరాకు, దీపావళికి బంతిపూవు లేని ఇల్లుండదు. బంతినారు 20 మొదలు 25 దినములకు సిద్ధమగును. నాటిన రెండు మాసములకు పూలు చేతికి వచ్చును. కావున పండుగ దినమునుండి వెనుకకు లెక్కించి ఆషాఢములో విత్తి శ్రావణములో నారు అందింపవలెను. పండుగ తేదీ పంచాంగములో ఉన్నది. వానవలె మోసము చేయదు. క్రొత్తగా ఆరంభించువారికి బంతినారు మంచి తొలిమెట్టని మా యనుభవము.

నీడనిచ్చు చెట్ల మొక్కలను అమ్మి బ్రతుకుదమనుకొనువారు ఒక సంగతి గమనింపవలెను. 2015లో హరితహారము మొదలైన పిదప, 2018 పంచాయతీరాజ్ చట్టముతో గ్రామ పంచాయతీలలో నర్సరీలు వెలసినవి. వేప, కానుగ మొక్కలు ఊరకనే దొరకు చోట వానిని అమ్మజూచుట వ్యర్థము.

ఇంకను చెఱకు వేయు రైతులకై మఱియొక పని యున్నది. పటాన్‌చెఱువులోని ఇక్రిశాట్ సంస్థ 2009లో మఱియొక సంస్థతో కలిసి ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో, చెఱకు గడనుండి కన్ను మాత్రము చిన్న ముక్కగా తీసి 50 గుంతల ట్రేలలో పెంచి, 25 మొదలు 35 దినముల మొలకను 5 అడుగుల వరుసలలో 2 అడుగుల కొకటిగా నాటుదురు. ఎకరమునకు 4,356 మొలకలు చాలును. కన్ను తీసిన గడ గానుగకు పనికివచ్చును. మూడుకన్నుల ముచ్చెలతో నాటునప్పుడు టన్నుల కొలది చెఱకు భూమిలో పూడ్చవలసియుండగా, ఇందులో ఆ భారము తప్పును. బోధను, రుద్రూరు ప్రాంతపు సభ్యులు దీనిని ఆలోచింపవచ్చును. రుద్రూరులో చెఱకు, వరి పరిశోధన స్థానము కలదు గనుక రకముల విషయమున సలహా దగ్గఱనే దొరకును.

సంఘము చేయదగిన పని

తెలుగుదేశమున మొక్కల వ్యాపారమనగానే గోదావరి తీరపు కడియము జ్ఞప్తికి వచ్చును. అచ్చట కడియపులంక మొదలగు గ్రామములలో ఒకరి ప్రక్క నొకరు నర్సరీలు పెట్టిరి. పక్కవాడు పోటీయని భయపడలేదు. అన్ని మొక్కలు ఒక్క చోట దొరకుననియే దూరదేశపు వర్తకుడు లారీ తెచ్చుకొనుచున్నాడు. మన జిల్లాలోనే ఆర్మూరు ప్రక్కనున్న అంకాపురము విత్తనోత్పత్తికిని కూరగాయలకును పేరుపొందినది. ఒక్క రైతు తెలివివలన గాక ఊరంతయు ఒక్క కట్టున నడచుటవలన ఆ పేరు వచ్చినది. 1956లో నెలకొన్న ముల్కనూరు సహకార సంఘము సభ్యులచే వరి విత్తనము పండించి, శుద్ధి చేసి, తన పేరిట అమ్ముచున్నది. సంఘపు పేరు చెడకూడదను భయమే అక్కడి విత్తనమునకు కావలి.

మన సంఘములో కూడ నాలుగు పనులు జరుగవలెనని మా సూచన. మొదటిది, ప్రతి పంటకాలమునకు ముందు నారు కావలసిన సభ్యుల పేర్లు, రకము, నాటు వారము ఒక పుస్తకములో వ్రాసి బయానా పుచ్చుకొనుట. రెండవది, నారు పెంచు సభ్యులు పనిని పంచుకొనుట. ఒకరు మిరప, ఒకరు టమాట, ఒకరు బంతి. మూడవది, కొబ్బరిపొట్టు, ట్రేలు, వలలు కలిసి కొనుట. విడివిడిగా తెచ్చుకొన్న బాడుగయే వెలను మించును. నాలుగవది, నారు బయలుదేరు ముందు సంఘము తరఫున ఇద్దఱు రైతులు వయస్సును, వేరును, ముడుతను చూచి ఒప్పుకొన్న పిదపనే పంపుట. ఆ యిద్దఱిలో ఒకరు నారు కొనువారి పక్షమున నుండవలెను.

వాన వెనుకబడిన సంవత్సరమున ఏమి చేయవలెనో కూడ ముందే వ్రాసికొనవలెను. బయానా ఇచ్చినవాడు నాటలేకపోయినచో ఆ పైకములో కొంత వచ్చు తడవకు జమ కట్టి, మిగిలినది పెంచినవాని కర్చునకు విడువవలెను. ఇద్దఱును కొంతకొంత నష్టపడుదురు, ఒక్కడే మునుగడు. సహకారమనగా ఇదియే.

సోదరులారా, సోదరీమణులారా, నారు వ్యాపారము చిన్నది. గుంట నేల, వంద ట్రేలు, రోజుకు రెండు గంటల పని. కాని ఆ ట్రేలలో మన పొరుగువాని సంవత్సరము మొలకెత్తుచున్నది. మా చేతి ముదురు నారు తీసికొన్న ఆ రైతు నేడు ప్రతి మృగశిరకు ముందు బయానా తెచ్చి యిచ్చి, చీటిలో తేదీ చూచుకొని, మడిచి జేబులో పెట్టుకొని పోవును. ఆ చీటిని వ్రాయునప్పుడు మా చేయి నేటికిని ఒక క్షణమాగును. ఆ ఆగుట మంచిదేయని మేము తలచుచున్నాము.

రానున్న పంటకాలమునకు నారు పెంచదలచినవారును, కొనదలచినవారును తమ పేర్లను సంఘ కార్యాలయమున ముందుగా వ్రాయింపవలెనని కోరుచున్నాము.